నడుము విరిగినవాడికి ధైర్యం చెప్పడం

మన భాషలో వెన్నెముకకు వున్నంత గౌరవం మరే ఎముకకూ లేదు. రైతును దేశానికి వెన్నెముక అంటాం. పిరికివాణ్ణి వెన్నెముక లేనివాడంటాం. యుద్ధం నుంచి పారిపోయినవాడు వెన్ను చూపినవాడు. నమ్మించి ద్రోహం చేసినవాడు వెన్నుపోటు పొడిచినవాడు. మంచిపని చేసిన కుర్రవాడి వెన్ను తడతాం. ఆపదలో ఆదుకొన్నవాడు వెన్నుదన్నుగా నిలిచాడంటాం. ధరలు పెరిగితే సామాన్యుడి నడుము విరిగిందని పత్రికలు రాస్తాయి. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనక ఈ నుడికారాలన్నీ నాకు ఇష్టమైనవే. కాని వీటన్నిటి అడుగునా ఒకే భావం వున్నది: నిటారుగా నిలబడటమే మనిషితనమనీ, వెన్ను అంటే ధైర్యమనీ. మరి నిజంగానే నడుము విరిగి, ఇక ఎన్నడూ నిటారుగా నిలబడలేని మనిషి సంగతేమిటి? అతణ్ణి గురించి భాష ముందే తీర్పు చెప్పి పెట్టింది. ఆ తీర్పు మర్యాదగా బయటికి వచ్చే రూపమే, అతని మంచం పక్కన కూర్చుని మనం చెప్పే ధైర్యం.

వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి మనసులో తగిలే గాయాన్ని మనం అతని గుణానికి సంబంధించిన విషయంగా చూస్తున్నాం. అతనిలో ధైర్యం చాలలేదని అనుకొంటున్నాం. ఇది నిజం కాదని చెప్పడానికే ఈ వ్యాసం. ఆ గాయంలో కొంత భాగం జబ్బు. దానికి వైద్యం వున్నది. మిగతా భాగం అతని చుట్టూ మారిపోయిన బతుకు. దానికి మందు కూలిలో వుంది, ఇంటి గుమ్మంలో వుంది, వీధిలో వుంది. ధైర్యం చెప్పడమనేది చాలాసార్లు ఈ రెండు పనులనూ తప్పించుకొనే ఉపాయంగా తయారవుతున్నది.

ఈ మాట నేను పుస్తకాల్లో మొదట నేర్చుకోలేదు. మా బావ, అంటే మా అక్క భర్త, నాచారం పారిశ్రామికవాడలో షెడ్లకు రేకులు వేసే పనిచేసేవాడు. ఇరవై ఏళ్ల అనుభవం. సిమెంటు రేకు మీద ఎక్కడ అడుగు వేయాలో అతనికి కాళ్లకే తెలుసు. బోల్టులు బిగించిన వరుస మీదనే నడవాలి, ఆ వరుస కింద ఇనుపదూలం ఆసరా వుంటుంది గనక. రెండు వరుసల నడుమ రేకు మనిషి బరువు ఆపదు. 2022 జూన్‌లో, వానలు పడకముందే కప్పు బాగుచేయాలని ఒక ఫాక్టరీవారు మేస్త్రీని తొందరపెట్టారు. మేస్త్రీ మా బావను పైకి ఎక్కించాడు. నడుముకు కట్టుకొనే బెల్టు లేదు, కింద వల లేదు. పాతబడిన రేకు బోల్టుల వరుస దగ్గరే విరిగింది. పద్దెనిమిది అడుగుల కింద గచ్చు. అప్పటికి అతనికి నలభై ఒక్క ఏళ్లు.

ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కమ్మీలు, మరలు వేసి వెన్నుపూసలను నిలబెట్టారు. ఇరవై రెండు రోజుల తరువాత ఇంటికి పంపించారు. పంపించేటప్పుడు ఇచ్చిన కాగితాలను నేను చాలాసార్లు చదివాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, మూత్రపు గొట్టం ఎన్నాళ్లకు మార్చాలో, మళ్లీ ఎప్పుడు రావాలో అందులో వుంది. ఆ మనిషికి రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేయాలో లేదు. భార్యాభర్తల సంబంధం గురించి ఒక్క ముక్క లేదు. నడుము కింద భాగం లేని మనిషిగా అతణ్ణి ఆసుపత్రి పంపించింది. నడుము పైన ఏమున్నదో ఎవరూ విచారించలేదు.

ఇక్కడ శరీరశాస్త్రం నుంచి ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక 33 పూసల పేర్పు. వెన్నుపాము ఆ పేర్పు లోపల దాదాపు 45 సెంటీమీటర్ల పొడవున, చిటికెన వేలంత లావున సాగే నరాల కట్ట. దాన్నుంచి 31 జతల నరాలు బయలుదేరి శరీరమంతా వ్యాపిస్తాయి. ఎముక విరిగితే అతుక్కొంటుంది. వెన్నుపాము తెగితే అతుక్కోదు. దాన్ని తిరిగి అతికించే వైద్యం ఇంతవరకు లేదు. మన వాడుకలో మాత్రం ఈ రెండిటికీ కలిపి ఒక్క మాటే వున్నది: నడుము విరిగింది. అందువల్లనే పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ “ఇంకా అతుక్కోలేదా?” అని అడిగారు. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించమన్నవారు ఏడుగురో ఎనిమిదిమందో. పుత్తూరు కట్టు ఎముకకు. విరిగింది ఎముకే అయితే మా బావ ఆ ఏడు దసరాకే మళ్లీ రేకులెక్కేవాడు. అతుక్కోనిదాన్ని అతుక్కోలేదా అని అడగడం ఒక్కసారైతే అజ్ఞానమని సరిపెట్టుకోవచ్చు. నెలకు ముప్ఫైసార్లు అడిగితే, ఆలస్యమంతా రోగి చేతకానితనమేనని అతనికే అనుమానం పుడుతుంది.

ఇంటికి వచ్చిన మొదటి వానకాలం అతను నిద్రపోలేదు. అప్పుడు వాళ్లు నాచారంలో ఒక రేకుల గదిలో వుండేవాళ్లు. రేకు మీద చినుకు పడితే చాలు, ఒళ్లంతా చెమట పట్టి మంచం అంచులు రెండు చేతులా పట్టుకొనేవాడు. కన్ను మూతపడితే పడిపోతున్నట్టు కల. కలలో ఎన్నడూ నేల తగలదు, పడుతూనే వుంటాడు. స్పర్శ లేని కాళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. ఇది భ్రమ కాదు. వెన్నుపాము గాయమైనవారిలో చాలామందికి వచ్చే నరాల నొప్పి. మూత్రం పోయేటప్పుడు తెలియదు గనక నీళ్లు తాగడం తగ్గించాడు. దానితో మూత్రకోశానికి చీము పట్టింది, జ్వరం వచ్చింది. ఎవరైనా గడపలో అడుగుపెడితే గోడ వైపు తల తిప్పుకొనేవాడు. ఆ నెలల్లో బతుకు చాలించాలన్న ఆలోచన తనకు వచ్చిందని చాలాకాలం తరువాత నాతో చెప్పాడు.

వచ్చినవాళ్లు చెప్పిన ఓదార్పులు మూడు రకాలు. మొదటిది, “ఏం గాదు, లేసి నడుస్తవ్ తీయ్” అన్న అబద్ధం. రెండవది, ఏ జన్మలో చేసుకొన్నదో అనుభవించక తప్పదన్న కర్మసిద్ధాంతం. మూడవది, చదువుకొన్నవారిది: చక్రాలకుర్చీలో కూర్చుని గొప్ప గొప్ప పనులు చేసినవారి బొమ్మలు ఫోనులో చూపించడం. ఈ మూడింటిలో మూడవది నాగరికంగా కనిపిస్తుంది. కాని మూడూ చేసే పని ఒక్కటే. బాధను ఆ మనిషికే తిరిగి అప్పజెప్పి, అడిగేవాడు లేచి వెళ్లిపోవడం. లేవలేకపోతే నీ పట్టుదల లోపం, పడిపోతే నీ కర్మ లోపం, గొప్పవాడివి కాకపోతే నీ సంకల్పం లోపం. ఫాక్టరీ లేదు, మేస్త్రీ లేడు, విరిగిన రేకు లేదు.

ఒకరోజు అందరూ వెళ్లిపోయాక మా బావ అన్నాడు: “ధైర్యం జెప్పవొస్తరు బామ్మర్దీ. నాకేం ధైర్యం తక్కువున్నది? ఇరువై ఏండ్లు రేకుల మీద నడిచినోణ్ణి. వీళ్లల్ల ఒక్కడన్న నిచ్చెనెక్కిండా?”

ఇందుకు ఎవరి దగ్గర జవాబుంది? ధైర్యం అతని దగ్గర వుండబట్టే ఆ కప్పుకు రేకులు పడ్డాయి. ఆ ధైర్యాన్ని రోజుకూలికి కొనుక్కొన్న లోకం, గాయపడ్డ తరువాత అతనికే ధైర్యం దానం చేయడానికి రావడంలో వున్న వికటత్వం మనకు కనిపించదు.

విషయాన్ని అన్ని వైపుల నుంచీ చూడవలసి వున్నది. మానసిక బాధ అంతా సమాజం వల్లనే కలిగిందనీ, వ్యవస్థ మారితే అదే పోతుందనీ అనడం తేలిక. మనలో కొందరికి ఆ మాట ప్రియం కూడాను. అది నిజంలో సగమే. రేకు మీద చినుకు పడితే చెమట పట్టడం ఒక జబ్బు లక్షణం. ప్రమాదాల తరువాత, యుద్ధాల తరువాత మనసులో తిష్ఠవేసే ఈ భయానికి అమెరికన్ మనోవైద్యుల సంఘం 1980లో తన వ్యాధుల పట్టికలో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరు పెట్టి చోటు ఇచ్చింది. వెన్నుపాము గాయమైనవారిలో 20 నుంచి 30 శాతం మందిలో వైద్యం అవసరమైనంత డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వీటికి మాటల ద్వారా చేసే చికిత్స వుంది, మందులు వున్నాయి. కాని మన దగ్గర జరిగేదేమిటి? “అంత దెబ్బ తగిలినవాడికి దుఃఖం సహజమే గదా” అంటారు, వైద్యులతో సహా. సహజమన్న మాట వినడానికి దయగా వుంటుంది. ఆచరణలో దాని అర్థం వైద్యం అక్కరలేదని. కాలు విరగడం కూడా పైనుంచి పడినవాడికి సహజమే. అందువల్ల కట్టు కట్టకుండా వదిలేస్తామా?

ఆ అంకెకు రెండవ వైపు కూడా వున్నది. 20 నుంచి 30 శాతం అంటే, మిగిలిన 70, 80 శాతం మందికి ఆ జబ్బు లేదన్నమాట. నడుము విరిగినవాడు తప్పకుండా కుంగిపోవాలి, ఏడవాలి, కోపగించుకోవాలి, ఆ మెట్లన్నీ దిగి చివరికి సమాధానపడాలి అనే సిద్ధాంతం ఒకటి ప్రచారంలో వున్నది. 1989లో కామిల్ వోర్ట్‌మన్, రాక్సేన్ సిల్వర్ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు నష్టాలను గురించి మనకున్న ఇటువంటి నమ్మకాలను సాక్ష్యాలతో పోల్చి చూశారు. అందరూ ఆ దారిన నడుస్తారన్నదానికి ఆధారం దొరకలేదు. ఏడవనివాణ్ణి చూసి “లోపల దాచుకొంటున్నాడు” అనడమూ, ఏడ్చేవాణ్ణి చూసి “ధైర్యం లేదు” అనడమూ ఒకే నాణేనికి రెండు ముఖాలు. ఏ ముఖం పడినా ఆ మనిషి ఓడిపోతాడు.

బయటివాళ్ల అంచనా ఎంత తప్పో చూపే పరిశీలన ఒకటి 1994లో అమెరికాలో వెలువడింది. ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో పనిచేసేవారిని, తమకే తీవ్రమైన వెన్నుపాము గాయమైతే బతికివున్నందుకు సంతోషిస్తారా అని అడిగారు. సంతోషిస్తామని అన్నవారు 18 శాతం. నిజంగా ఆ గాయంతో బతుకుతున్నవారిని అదే అడిగితే 92 శాతం మంది సంతోషమే అన్నారు. ప్రాణం కాపాడే చేతులే ఆ ప్రాణానికి విలువ లేదని లోలోపల నమ్ముతున్నాయంటే, మంచం పక్క కూర్చున్న చుట్టాన్ని ఏమనగలం?

అయితే ఈ 92ను పట్టుకొని అంతా బాగానే వుందని చంకలు గుద్దుకొనేవారు కూడా వున్నారు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, అతని సహచరులు లాటరీ గెలిచిన 22 మందినీ, ప్రమాదాల్లో కాళ్లో కాళ్లూచేతులో పడిపోయిన 29 మందినీ పోల్చి ఒక వ్యాసం రాశారు. కొన్నాళ్లకు ఇద్దరూ సమానంగా సంతోషంగా వుంటారని ఆ వ్యాసం తేల్చినట్టు ఉపన్యాసాల్లో చెబుతుంటారు. వ్యాసంలో వున్నది అది కాదు. ప్రమాదానికి గురైనవారి సంతోషం మామూలువారికంటే తక్కువగానే వుంది, కాకపోతే జనం అనుకొనేంత తక్కువగా లేదు. ఈ తేడాను మింగేయడం ఎవరికి లాభం? మనిషి ఎలాగూ సర్దుకుపోతాడంటే పింఛను ఎందుకు, వాలుదారి ఎందుకు, లిఫ్టు ఎందుకు? 92 శాతం మంది బతుకును కోరుకొంటున్నారన్నది నిజం. కోరుకొన్న బతుకు అందుతున్నదా అన్నది వేరే ప్రశ్న.

ఆ రెండవ ప్రశ్నకు నాచారంలో దొరికే జవాబు చూడండి. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వుంది. 1948లో వచ్చిన కార్మిక రాజ్యబీమా చట్టం కింద, పనిలో గాయపడి పూర్తిగా అశక్తుడైన బీమా కార్మికుడికి సగటు దినసరి వేతనంలో 90 శాతం జీవితాంతం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. కాంట్రాక్టు మీద వచ్చినవాడికైనా అసలు యజమానే చందా కట్టవలసిందని ఆ చట్టం చెప్పింది. మా బావ పేరు ఏ ఫాక్టరీ రిజిస్టరులోనూ లేదు. అతను మేస్త్రీ మనిషి. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి అతని గదికి నడిచిపోగలిగినంత దూరంలో వుంది. నడక ఉన్నప్పుడు బీమా కాగితం లేదు. ఇప్పుడు రెండూ లేవు.

బీమా వున్నవాడి మనసు సంగతీ అంతంతమాత్రమే. 1923 నాటి శ్రామిక నష్టపరిహార చట్టానికి ఒక పట్టిక జతచేశారు. బొటనవేలు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం నష్టం. రెండు చేతులూ పోతే 100 శాతం. వేలు వేలుకూ, కణుపు కణుపుకూ అంకె వేసిన ఆ పట్టికలో భయానికి వరుస లేదు, నిద్రకు వరుస లేదు. ఈ పాత చట్టాల స్థానంలో సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పట్టిక పద్ధతి మాత్రం దానితోపాటే వచ్చింది. కూలివాడు ఏ అవయవాలతో పనిచేస్తాడో ఆ అవయవాలకే వెల కట్టడం ఇందులోని తర్కం. అతని మనసును యజమాని ఎన్నడూ కొనలేదు గనక, అది విరిగితే నష్టం లెక్కలోకి రాదు.

పింఛను కోసం సదరం శిబిరానికి మా బావను ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయాం. డాక్టరు చూసి ఎనభై శాతం వైకల్యమని రాశాడు. తిరిగివచ్చేటప్పుడు ఆటోలో అన్నాడు: “ఎనభై శాతం పోయిందంట. మిగిలిన ఇరువై ఏడున్నదో రాసియ్యలే.” తెలంగాణలో వికలాంగుల పింఛను 2014లో 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాలకుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇవ్వసాగారు. మధ్యలో ఒక గీత; గీతకు అటువైపు ఒక అంకె, ఇటువైపు ఇంకొక అంకె. ఇంటి అద్దె, మూత్రపు గొట్టాలు, దూది, డయపర్లు మాత్రం గీతను బట్టి మారవు. నెలాఖరు దగ్గరపడే కొద్దీ అతనికి నిద్ర తగ్గడం నేను గమనించాను. దీన్ని ఏ జబ్బు కింద రాయాలి?

నాచారం గదికి మూడు మెట్లుండేవి. అందుకని వాళ్లు ఉప్పల్‌లో చిలకానగర్ వైపు నేలమట్టపు ఇంటికి మారారు. మెట్లు లేవు గాని స్నానాలగది తలుపు చక్రాలకుర్చీ కంటే మూడంగుళాలు ఇరుకు. ఆ మూడంగుళాల వల్ల నలభై రెండేళ్ల మనిషికి రోజూ భార్య మంచం మీదనే ఒళ్లు తుడవవలసి వచ్చింది. ఉప్పల్ చౌరస్తాలో 2023 జూన్ 26న ప్రారంభించిన ఆకాశవంతెనకు లిఫ్టులున్నాయి, మెట్రో స్టేషనుకూ వున్నాయి. కాని మా గల్లీ నుంచి ఆ లిఫ్టు దాకా పోవాలంటే మ్యాన్‌హోలు మూతలు, కాలిబాటకు అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్లు, రోడ్డు మధ్య గుంతలు దాటాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజాభవనాలన్నీ అందరికీ అందుబాటులోకి రావాలని గడువు పెట్టింది. దేశంలో అది ఎంతవరకు జరిగిందో చూడమని సుప్రీంకోర్టు అప్పజెప్పింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రానికే. ఆ నివేదిక చూసిన మీదట, ఈ నియమాలు సలహాలుగా వుంటే చాలదు, తప్పనిసరి కావాలని 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెప్పింది. ఇంట్లోంచి బయటికి రాలేనివాణ్ణి “నలుగురిలో తిరుగు, మనసు కుదుటపడుతుంది” అని ఓదార్చేవారు ముందు ఈ తీర్పు చదవాలి.

ఇది పట్నం ఫాక్టరీల గొడవ మాత్రమే కాదు. తెలంగాణ పల్లెలో నడుము విరగడమంటే మొదట గుర్తుకు వచ్చేది తాడిచెట్టు. మోకు, ముస్తాదు తప్ప వేరే ఆసరా లేకుండా తరతరాలుగా గీతకార్మికులు చెట్లెక్కారు, పడ్డారు. 2024 జూలై 14న, ఉప్పల్‌కు అంత దూరం కాని అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో, కాటమయ్య రక్షణ కవచమని పేరుపెట్టి ప్రభుత్వం వారికి భద్రతా పరికరాలు పంచడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎన్ని తరాలవాళ్లు కాటమయ్యకు మొక్కి, ప్రాణం అరచేతిలో పెట్టుకొని ఎక్కి వుంటారు! పడకుండా ఆపే తాడు కూడా మనసుకు చేసే వైద్యమే. చెట్టు మీది మనిషికీ, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆమెకూ ఆ తాడు ఒకేసారి పనిచేస్తుంది.

ఆమె సంగతి మన చర్చల్లో ఎక్కడా రాదు. కదలలేని మనిషిని రెండేసి గంటలకు ఒకసారి పక్కకు ఒత్తిగిలబెట్టకపోతే వీపున పుండ్లు పడతాయి. ఆసుపత్రిలో ఈ పనికి మూడు షిఫ్టుల మనుషులుంటారు. ఇంట్లో మూడు షిఫ్టులూ మా అక్కే. పగలు నాలుగిళ్లలో పాచిపని. రాత్రి పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి ఫోనులో అలారం. ఏడాదిన్నర తరువాత ఒకరోజు నాతో, “తమ్మీ, నేను ఏడ్సుడు మర్సిపోయిన. టైమ్ లేదు” అంది. అది వైరాగ్యం కాదు, నిందా కాదు. ఉన్న సంగతి చెప్పింది. అందరూ ఆమెను సావిత్రి అని మెచ్చుకొన్నారు. ఒక్క రాత్రి అలారం పని నేను చూస్తానన్నవారు ఇద్దరే. ధైర్యం మగవాడికి చెప్పినట్టే, పాతివ్రత్యం ఆడదానికి చెబుతారు. రెండూ ఉచితమే.

ఇక సాహిత్యానికీ సినిమాకూ వద్దాం. మన కథల్లో, సినిమాల్లో నడుము విరిగిన మనిషి తరచు నాయకుడి తండ్రో అన్నో అయి వుంటాడు. ఒక ప్రమాదంలో మంచాన పడి, కొడుక్కో తమ్ముడికో బాధ్యతనో పగనో అప్పజెప్పి, కథలోంచి పక్కకు తప్పుకొంటాడు. అతని రాత్రులు మనకు తెలియవు. దీనికి భిన్నంగా వెన్నుపాము గాయమైన మనిషినే కథానాయకుడుగా పెట్టిన తెలుగు చిత్రం 2016లో వచ్చిన “ఊపిరి”. 2011 నాటి ఫ్రెంచి చిత్రానికి అనుసరణ. జాలి లేకుండా మాట్లాడే మనిషి దొరకడమే అతనికి ఊరట అన్న గ్రహింపు అందులో వుంది. ఆ మేరకు అది మంచి చిత్రం. కాని ఆ కథానాయకుడు కోటీశ్వరుడు. పారాగ్లైడింగ్ చేస్తూ పడ్డాడు. అతని చుట్టూ సేవకులున్నారు. డబ్బు ప్రశ్న తీసివేస్తే మిగిలే మనసు ప్రశ్నను ఆ చిత్రం చక్కగా చూపించింది. డబ్బు ప్రశ్న తీసివేయడానికి వీల్లేని నాచారం గదిలో ఆ మనసు ఏమవుతుందో చెప్పే కథ ఇంకా రావలసే వున్నది.

స్ఫూర్తి కోసం చూపించే జీవితాల్లో కూడా మనం సగమే చదువుతాం. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టరు మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్లు పోగొట్టుకొన్నారు. చక్రాలకుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్కులో పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చి వెల్లూరులో ఆ శాఖను నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలిసింది. అది గొప్ప జీవితమే. కాని కూర్చుని చేయగల శస్త్రచికిత్స వున్నదని ఆమెకు చెప్పడానికి పాల్ బ్రాండ్ వంటి సహచరుడున్నాడు. తిరిగివస్తే ఉద్యోగం వున్నది, తీసుకుపోవడానికి మనుషులున్నారు. ఆమె సంకల్పానికి నిలబడే చోటు దొరికింది. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము విభాగం తెరిచిన లుడ్విగ్ గుట్‌మన్ కూడా సైనికులకు ధైర్యవచనాలు చెప్పి ఊరుకోలేదు. రెండు గంటలకోసారి ఒత్తిగిలబెట్టించాడు, పని నేర్పించాడు, ఆటలు ఆడించాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. ఈ రెండు చరిత్రల్లోనూ మనసు కోలుకోవడానికి ముందు పనీ, తోటివారూ, ఏర్పాటూ వచ్చాయి. ఫోనులో బొమ్మ చూపించేవారు ఆ ఏర్పాటును కత్తిరించి మనిషిని మాత్రమే చూపిస్తారు.

మా బావ గోడవైపు నుంచి తల ఇటు తిప్పింది పదకొండు నెలల తరువాత. మల్లాపూర్ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకూ అదే గాయం, తొమ్మిదేళ్ల కిందటిది. మూడు చక్రాల స్కూటరు మీద వచ్చి, ఎట్లా వున్నావని గాని, అధైర్యపడవద్దని గాని అనలేదు. కుర్చీ చక్రం నొక్కిచూసి, “గాలి లేదేందన్నా, ఇట్లైతే భుజాలు పోతయ్” అన్నాడు. అరగంటకోసారి చేతుల మీద లేచి కూర్చోవడం చూపించాడు. మూత్రం గొట్టం ఎప్పుడూ వుంచుకోనక్కరలేదనీ, నాలుగైదు గంటలకోసారి తానే శుభ్రంగా పెట్టి తీసుకోవచ్చుననీ చెప్పాడు. నన్నూ అక్కనూ బయటికి పంపించి అరగంట మాట్లాడాడు. ఏం మాట్లాడుకొన్నారో మేము అడగలేదు. వాళ్లు నవ్వడం మాత్రం తలుపు ఇవతలికి వినిపించింది. తరువాత ఆయనే మానసిక వైద్యుడి దగ్గరికి పోవలసిందని బావను ఒప్పించాడు. అదే మాట నేను చెబితే, నాకు పిచ్చా అని అడిగిన మనిషి!

ఇప్పుడు మా బావ ఇంట్లో కూర్చుని ఫ్యాన్లకూ మిక్సీలకూ వైండింగ్ చేస్తున్నాడు. కొన్ని నెలలు పని వుంటుంది, కొన్ని నెలలు వుండదు. మందులు వాడుతున్నాడు. కల రావడం తగ్గింది, పోలేదు. జడివాన పడితే ఇప్పటికీ రాత్రంతా లైటు వెలుగుతూనే వుండాలి. ఇది విజయగాథ కాదు. దీన్ని అట్లా మార్చి చెప్పే హక్కు నాకు లేదు.

“అయితే సమాజం మారేదాకా ఓదార్పు కూడా చెప్పకూడదంటారా?” అని కొందరు మిత్రులు అడిగారు. నేను కాదంటున్నది ఓదార్పును కాదు, దాని పేరుతో జరుగుతున్న బాధ్యత బదిలీని. ఓదార్చదలచినవారికి చేయడానికి పని చాలా వున్నది. రాత్రి నిద్ర పడుతున్నదా అని అడగవచ్చు. పట్టడం లేదంటే, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416 చెప్పవచ్చు. పైసా ఖర్చు లేకుండా ఏ వేళనైనా మాట్లాడవచ్చు, తెలుగులోనే. పింఛను కాగితం ఏ బల్ల మీద ఆగిందో కనుక్కోవచ్చు. స్నానాలగది తలుపు ఎన్ని అంగుళాలో కొలిచి, ఇంటి యజమానితో మాట్లాడవచ్చు. ఒక రాత్రి అలారం మోగినప్పుడు లేవవచ్చు. పనిచోట బెల్టు, వల ఉన్నాయా అని యూనియను ద్వారా అడిగించవచ్చు.

రచయితలుగా మనకు ఇంకొక పని వున్నది. వెన్నెముకను ఉపమానంగా వాడుకోవడం మానమని నేననను. భాష అంత తేలికగా మన మాట వినదు. కాని ఆ ఉపమానం వెనక వున్న మనిషిని ఒక్కసారైనా ఉపమానం కాకుండా రాయాలి. అతని కూలి ఎంతో, తలుపు వెడల్పు ఎంతో, చినుకు పడితే అతనికి ఏమవుతుందో, అతని భార్య ఏ వేళకు పడుకొంటుందో రాయాలి. ఇవి రాయడానికి పెద్ద కల్పన అక్కరలేదు. నాచారంలో గాని, మల్లాపూర్‌లో గాని ఆ మంచం పక్కన ఏమీ చెప్పకుండా కొంతసేపు కూర్చుంటే చాలు, అవతలి మనిషే చెబుతాడు.